ముక్కు అలర్జీ ఉన్న పిల్లలకు రాత్రి నిద్ర: ఏ క్రమంలో ఏం చేయాలి

పొద్దున్నే వరసగా పది తుమ్ములు తుమ్మే పిల్లవాణ్ణి చూసి ఇంట్లోవాళ్లు తుమ్ముల గురించే కంగారు పడతారు. నిద్రను చెడగొట్టేది మాత్రం ఎక్కువగా ముక్కు దిబ్బడ. తుమ్ములు, దురద, నీళ్లు కారడం మెలకువలో విసిగించే బాధలు. దిబ్బడ నిద్రలో పట్టుకునే బాధ. ఈ రెండిటికీ పనిచేసే మందులూ ఒకటి కావు. మత్తు కలిగించే అలర్జీ సిరప్ పోస్తే పిల్లవాడు త్వరగా కళ్లు మూస్తాడు. ముక్కు మాత్రం మూసుకునే ఉంటుంది, తెల్లవార్లూ నోటితోనే గాలి పీలుస్తాడు, పొద్దున లేవగానే మళ్లీ చిరాకు. నిద్రపుచ్చడం వేరు, ముక్కు తెరవడం వేరు. కింద చెప్పే క్రమమంతా రెండోదాని కోసమే.

పడుకోగానే ముక్కు ఎందుకు బిగుస్తుంది

ముక్కు లోపల రెండు పక్కలా టర్బినేట్లు అనే మెత్తని మడతలుంటాయి. వాటి నిండా సన్నని రక్తనాళాలే. పడుకుంటే తలవైపు రక్తం చేరి ఇవి ఎవరికైనా కొంచెం ఉబ్బుతాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఆ తేడా తెలియదు. అలర్జీతో లోపలి పొర అప్పటికే వాచి ఉన్న పిల్లలకు ఆ కొంచెమే దారి మూసేస్తుంది. మనం పీల్చే గాలికి దారిలో ఎదురయ్యే అడ్డులో దాదాపు సగం ముక్కుదే. అందులోనూ చిన్నపిల్లల ముక్కు సన్నం. గొట్టం కాస్త ఇరుకైతే గాలి లాగడానికి పడే శ్రమ ఎన్నో రెట్లు పెరుగుతుంది. పక్కకు తిరిగి పడుకుంటే కిందివైపు ముక్కు బిగుస్తుంది, అటు తిరిగితే అది. రాత్రంతా దొర్లే పిల్లల్లో కొందరు దొర్లేది ఇందుకే.

రెండో కారణం గడియారం. పడని పదార్థం ముక్కులోకి వెళ్లిన కొద్ది నిమిషాల్లోనే ఒంట్లో హిస్టమిన్ అనే రసాయనం విడుదలై తుమ్ములు, దురద మొదలవుతాయి. అది తగ్గిందనుకున్నాక 4 నుంచి 8 గంటల తర్వాత రెండో విడత వస్తుంది. అందులో తుమ్ములు తక్కువ, వాపు ఎక్కువ. సాయంత్రం అయిదింటికి ఆటస్థలంలో పీల్చిన పుప్పొడి రాత్రి పది తర్వాత దిబ్బడై కూర్చుంటుంది. అప్పుడు గదిలో ఏదో పడలేదని వెతికితే దొరకదు. దీనికి తోడు వాపును సహజంగా అణిచే కార్టిసాల్ హార్మోను అర్ధరాత్రి ప్రాంతంలో బాగా తగ్గి ఉంటుంది. అలర్జీ బాధలు తెల్లవారుజామున ముదరడానికి అదొక కారణం.

మూడోది పరుపే. డస్ట్ మైట్స్ అనే కంటికి కనిపించని దుమ్ము పురుగులు పడని పిల్ల, అవి ఎక్కువగా ఉండే చోటే ముఖం ఆనించి తొమ్మిది పది గంటలు పడుకుంటుంది.

ఇంత జరిగినా చాలామంది పిల్లలు పూర్తిగా లేచి కూర్చోరు. మెదడు మూడు నాలుగు సెకన్ల పాటు మెలకువలోకి వచ్చి మళ్లీ నిద్రలోకి జారుతుంది. పొద్దున అడిగితే 'బాగానే పడుకున్నా' అంటారు. అబద్ధం కాదు, వాళ్లకు గుర్తుండదు. అందుకే మొదటి పని అడగడం కాదు, చూడటం.

మొదటి మెట్టు: రెండు వారాలు రాసుకోండి

మందు మార్చే ముందు, గది సర్దే ముందు ఒక చిన్న పుస్తకం పెట్టండి. రోజుకు ఆరు విషయాలు చాలు: పడుకున్న సమయం, లేచిన సమయం, గురక ఉందా, నోరు తెరిచి ఉందా, మధ్యలో లేచాడా, పొద్దున లేపితే ఎలా ఉన్నాడు. ఆ రోజు వేసిన మందు పక్కనే రాయండి. రెండు వారాలెందుకంటే మామూలు జలుబు సాధారణంగా 7 నుంచి 10 రోజుల్లో తగ్గుతుంది. జలుబైతే జ్వరం, గొంతు నొప్పి తోడుగా రావచ్చు. అలర్జీ అయితే ముక్కు, కళ్లు దురద పెడతాయి, కారేది నీళ్లలా పలచగా ఉంటుంది, రెండు వారాలు దాటినా అలాగే సాగుతుంది.

నిద్రలో చూడటానికి రెండు సమయాలు పెట్టుకోండి: పిల్ల నిద్రపోయిన గంటన్నరకు ఒకసారి, తెల్లవారుజామున నాలుగైదు మధ్య ఒకసారి. రెండోది బద్ధకంగా ఉన్నా వదలొద్దు. అసలు సంగతి బయటపడేది అప్పుడే. లైటు వేయకుండా మంచం పక్కన పది నిమిషాలు నిలబడి వినండి. ఫోన్‌లో ముఖం, ఛాతీ రెండూ కనిపించేలా రెండు నిమిషాల వీడియో తీయండి. నోరు తెరిచి ఉందా, గడ్డం పైకెత్తి మెడ వెనక్కి వంచి పడుకుందా, గాలి పీల్చేటప్పుడు మెడ కింద గుంట గానీ డొక్కలు గానీ లోపలికి పోతున్నాయా, గురక ఉన్నట్టుండి ఆగి కొన్ని సెకన్ల తర్వాత గుటక వేసినట్టు మళ్లీ మొదలవుతోందా చూడండి. చివరి రెండిట్లో ఏది కనిపించినా ఈ మార్గదర్శి పక్కన పెట్టి, ఆ వీడియోతో పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి.

పగటి గుర్తులు ఇంకా తేలిక. కళ్ల కింద నీలం రంగు ఛాయ, అరచేత్తో ముక్కు కొనను పైకి రుద్దే అలవాటు, అలా రుద్ది రుద్ది ముక్కు మీద అడ్డంగా పడిన గీత, పగిలిన పెదాలు, చొంగతో తడిసిన దిండు గలీబు. చిన్నపిల్లలకు నిద్ర చాలకపోతే పెద్దవాళ్లలా తూగరు, గంతులేస్తారు. ఒకచోట కూర్చోరు, చిన్నదానికీ ఏడుస్తారు. దీన్ని అల్లరిగా, ఒక్కోసారి ఏకాగ్రత లోపం జబ్బుగా పొరబడటం మామూలే. పక్క తడపడం మానేసిన పిల్ల మళ్లీ మొదలుపెడితే దాన్నీ రాసుకోండి. రాత్రి ఊపిరికి అడ్డు తగిలే పిల్లల్లో అది కనిపిస్తుంది.

ముక్కు ఎంత తెరిచి ఉందో చూడటానికి ఒక చల్లని స్టీలు చెంచా చాలు. నోరు మూయించి, చెంచా వీపు భాగాన్ని ముక్కు కింద అడ్డంగా పట్టి, మెల్లగా గాలి వదలమనండి. రెండు ఆవిరి మచ్చలు పడతాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే కంగారు వద్దు. ముక్కులో రెండు పక్కలూ కొన్ని గంటలకోసారి వంతులు మార్చుకుంటాయి. రెండు మచ్చలూ సరిగా పడకపోయినా, వారం పాటు ఎప్పుడు చూసినా ఒకే పక్క మూసుకుని ఉన్నా అది రాయాల్సిన విషయం.

ఆ రెండు వారాల్లో నిద్ర గంటలు కూడా లెక్కేయండి. 3 నుంచి 5 ఏళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు, 6 నుంచి 12 ఏళ్ల వాళ్లకు 9 నుంచి 12, 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటలు కావాలి. గంటలు సరిపోతున్నా పొద్దున లేవలేకపోతే లోపం నిద్ర నాణ్యతలో ఉంది. గంటలే తక్కువైతే ముందు పడుకునే వేళ సరిచేయాలి, ముక్కును నిందించి లాభం లేదు.

ఇంకో మాట. 'అలర్జీయేగా, పెద్దదేం కాదు' అనే ధోరణి డాక్టర్ల కొలతకు సరిపోదు. అంతర్జాతీయంగా వాడే వర్గీకరణలో బాధ వారంలో 4 రోజులు లేదా ఎక్కువ, వరసగా 4 వారాలు లేదా ఎక్కువ ఉంటే అది దీర్ఘకాలికం. నిద్ర ఒక్కటి చెడినా చాలు, దాన్ని తేలికపాటి అలర్జీ అనరు, మధ్యస్థం నుంచి తీవ్రం అంటారు. చికిత్స కూడా ఆ స్థాయికి తగ్గట్టే మారుతుంది. డాక్టరుకు 'తుమ్ములొస్తున్నాయి' అని మాత్రమే చెబితే ఆ సంగతి తెలిసే అవకాశం లేదు. 'వారంలో అయిదు రాత్రులు నోరు తెరిచి పడుకుంటోంది' అని చెప్పండి.

రెండో మెట్టు: గదిలో ముందు పరుపు, తర్వాత మిగతావి

డస్ట్ మైట్స్ మిల్లీమీటరులో మూడో వంతు ఉండే జీవులు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. నీళ్లు తాగవు, గాలిలోని తేమనే పీల్చుకుంటాయి. అలర్జీ పుట్టించేది ప్రధానంగా వాటి విసర్జన. అందుకే పురుగులు చచ్చినంత మాత్రాన బాధ పోదు, ఆ పొడి కూడా పోవాలి.

పరుపుకు, దిండుకు ఆరు వైపులా మూసి జిప్ వేసే సన్నని నేత కవర్లు తొడగండి. బట్ట రంధ్రాలు 10 మైక్రాన్ల కంటే చిన్నవని దాని మీద రాసి ఉండాలి. పైన మాత్రమే పరిచే షీట్లు ఇందుకు పనికిరావు. జిప్ చివర చిన్న సందు ఉంటుంది, అక్కడ టేపు అతికించండి. కవరు తొడిగేటప్పుడు పిల్ల గదిలో ఉండకూడదు.

దుప్పట్లు, గలీబులు, కప్పుకునేవి వారానికోసారి 60 డిగ్రీల సెల్సియస్ నీళ్లలో ఉతకాలి. చన్నీళ్లలో ఉతికితే పొడి చాలావరకు పోతుంది కానీ మైట్స్ బతికే ఉంటాయి. ఎండలో వేయడం మంచిదే, తేమ ఆరుతుంది. మందపాటి పరుపు లోపలిదాకా మాత్రం ఆ వేడి వెళ్లదు. దులపడం ఆరుబయటే జరగాలి. పరుపును గదిలోనే కొట్టి దులిపితే ఉన్నదంతా గాలిలోకి లేచి, మళ్లీ ఆ మంచం మీదే వాలుతుంది.

బొచ్చు బొమ్మల్లో పక్కలోకి ఒక్కటే రానివ్వండి, ఉతకగలిగేది. వేడి నీళ్లు పడని బొమ్మైతే ప్లాస్టిక్ సంచిలో కట్టి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో ఒకటి రెండు రోజులు ఉంచి, తర్వాత ఉతకండి. ఫ్రీజర్ మైట్స్‌ని చంపుతుంది, వాటి పొడిని తీసేది ఉతకడమే. రెండంతస్తుల మంచమైతే అలర్జీ ఉన్న పిల్లను పై అంతస్తుకు మార్చండి, కింద పడుకుంటే పై పరుపు నుంచి రాలేదంతా ముఖం మీదే. పై అంతస్తు ఆరేళ్లు దాటినవాళ్లకే.

గదిలో తేమ 50 శాతం లోపుంటే మైట్స్ ఎండిపోతాయి. చవకైన తేమ కొలిచే మీటరు ఒకటి మంచం దగ్గర పెడితే పరిస్థితి అర్థమవుతుంది. తడి తువ్వాళ్లు, ఉతికిన బట్టలు ఆ గదిలో ఆరేయొద్దు. గోడ చెమ్మగిల్లి బూజు పట్టిన చోట రంగు వేసి కప్పేస్తే మళ్లీ వస్తుంది, నీరు ఎక్కణ్ణుంచి దిగుతోందో అది ఆపాలి. ముక్కు ఎండిపోతోందని హ్యూమిడిఫయర్ పెట్టేవాళ్లు గమనించాలి: తేమ 50 దాటిందంటే మైట్స్‌కి పండగే.

ఎయిర్ ప్యూరిఫయర్ కొనాలా అన్న ప్రశ్నకు జవాబు పిల్లకు ఏది పడదో దాన్నిబట్టి ఉంటుంది. మైట్స్ పొడి బరువైన రేణువులతో ఉంటుంది, కదిపినప్పుడు లేచి అరగంటలోపే కిందికి దిగుతుంది. పరుపులో ఉన్నదాన్ని మూలనున్న మెషీన్ లాగలేదు. పిల్లి నుంచి వచ్చే అలర్జీ పదార్థం అలా కాదు, చాలా సన్నని రేణువుల మీద గంటల తరబడి గాలిలో తేలుతుంది. అక్కడ, పొగ విషయంలోనూ, 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతం పట్టే హెపా ఫిల్టరు మెషీన్ ఉపయోగపడుతుంది. ఓజోన్ వదిలే అయనైజర్ రకం మాత్రం వద్దు, అది ఊపిరితిత్తులకు మంట పెడుతుంది. పెంపుడు జంతువు ఉంటే ముందు పని గది తలుపు దానికి మూయడం. పిల్లిని ఇంట్లోంచి పంపేసినా దాని అవశేషాలు తగ్గడానికి నెలలు పడతాయి, వారంలో ఫలితం లేదని నిరాశ పడొద్దు.

ఊడ్చే పని పొద్దున, పిల్లలు లేనప్పుడు పెట్టుకోండి. పొడి చీపురు కంటే తడి గుడ్డ మేలు. సాయంత్రం గది దులిపి రాత్రి అందులోనే పడుకోబెట్టడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. సిగరెట్ పొగ అలర్జీ పదార్థం కాదు, కానీ వాచిన ముక్కును ఇంకా వాచేలా చేస్తుంది. బయట తాగి వచ్చినా బట్టలకు పట్టిన పొగ చాలు.

ఒక నిజం చెప్పాలి. కవర్లు ఒక్కటే తొడిగి ఊరుకున్నప్పుడు ప్రయోజనం పెద్దగా కనిపించలేదని పరిశోధనలు చెబుతున్నాయి. కవర్లు, వేడి నీళ్ల ఉతుకు, తేమ తగ్గింపు మూడూ కలిసి, కొన్ని వారాలు సాగితేనే తేడా తెలుస్తుంది. మైట్స్ పడనివాళ్లకే ఈ శ్రమ. పరీక్షలో పుప్పొడి ఒక్కటే తేలిన పిల్లకు పరుపు కవర్ల మీద డబ్బు వృథా.

మూడో మెట్టు: సాయంత్రం నుంచి పడక దాకా

పుప్పొడి కాలంలో ఆడుకుని వచ్చిన పిల్ల బట్టలు గది బయటే విప్పించండి. పడుకునే ముందు తల మీదుగా స్నానం చేయించండి, పుప్పొడి ఎక్కువ పట్టుకునేది జుట్టుకే. ఆ రోజుల్లో దుప్పట్లు ఆరుబయట ఆరేయొద్దు, తెల్లవారుజామున కిటికీ మూసి ఉంచండి.

ఉప్పునీళ్ల కడుగు పడకకు సుమారు గంట ముందు చేయండి. కడిగిన వెంటనే పడుకుంటే మిగిలిన నీళ్లు గొంతులోకి దిగి దగ్గు తెప్పిస్తాయి. మెడికల్ షాపులో దొరికే సెలైన్ స్ప్రే చిన్నపిల్లలకు తేలిక. ఇంట్లో కలుపుకునేట్టయితే 240 మిల్లీలీటర్ల నీళ్లకు అయొడిన్ కలపని ఉప్పు అర టీస్పూను. మండుతోందంటే చిటికెడు తినే సోడా కలపవచ్చు. ఇక్కడ ఒక్క నియమానికి మినహాయింపు లేదు: నీళ్లు కనీసం ఒక నిమిషం తెర్లేలా మరిగించి చల్లార్చినవి గానీ, డిస్టిల్డ్ నీళ్లు గానీ కావాలి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు ముక్కులోకి పోస్తే అరుదుగా అయినా నెగ్లేరియా అనే అమీబా మెదడుకు చేరి ప్రాణం తీస్తుంది. తాగితే ఏమీ కాని నీళ్లే ముక్కులో ప్రమాదం. మిగిలినవి పారబోయండి, సీసా ప్రతిసారీ కడిగి ఆరబెట్టండి.

కడిగేటప్పుడు తల ముందుకు, కాస్త పక్కకు వంచి, నోరు తెరిచి 'ఆ' అంటూ ఉండమనండి. అలా అంటే నీళ్లు గొంతులోకి జారవు. చెవిలో నొప్పి వచ్చిందంటే మరీ గట్టిగా నొక్కారని అర్థం. తర్వాత ఒక్కో పక్కా విడిగా, మెల్లగా చీదించాలి.

పిల్ల దిబ్బడతో ఇబ్బంది పడుతుంటే తల ఎత్తుగా ఉంచండి. దిండు మీద దిండు పేర్చితే మెడ ముందుకు వంగి గొంతు దారి ఇరుకవుతుంది. మంచం తలవైపు కాళ్ల కింద నాలుగైదు అంగుళాల దిమ్మెలు పెట్టడం మంచి పద్ధతి. ఇది పెద్ద పిల్లలకే, ఏడాదిలోపు పసిపిల్లల్ని చదునైన పరుపు మీద దిండు లేకుండా వెల్లకిలా పడుకోబెట్టాలి.

వేడి నీళ్ల గిన్నె ముందు కూర్చోబెట్టి ఆవిరి పట్టించడం వల్ల పిల్లలు కాల్చుకోవడమే ఎక్కువ. మెంథాల్ బామ్ రాస్తే చల్లగా అనిపించి ముక్కు తెరుచుకున్నట్టు తోస్తుంది. కొలిచి చూస్తే దారి అంతే ఇరుకుగా ఉంటుంది. కర్పూరం ఉన్న బామ్‌లు రెండేళ్లలోపు పిల్లలకు వద్దే వద్దు. నోటికి టేపు అతికించే పద్ధతి పిల్లల దగ్గరికి రానివ్వకండి: ముక్కు మూసుకున్నవాళ్లకు మిగిలిన ఒక్క దారి అదే.

నాలుగో మెట్టు: స్ప్రే, సరిగ్గా కొట్టడం

దిబ్బడకు బాగా పనిచేసేది ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే. డాక్టరు రాసిస్తేనే మొదలుపెట్టాలి. మోమెటాసోన్, ఫ్లూటికాసోన్ ఫ్యూరోయేట్ సాధారణంగా 2 ఏళ్ల నుంచి, ఫ్లూటికాసోన్ ప్రొపియోనేట్ 4 ఏళ్ల నుంచి, బుడెసోనైడ్ 6 ఏళ్ల నుంచి వాడతారు. మోమెటాసోన్ అయితే 2 నుంచి 11 ఏళ్ల పిల్లలకు రోజుకోసారి ఒక్కో ముక్కులో ఒక్క స్ప్రే, అంటే 50 మైక్రోగ్రాములు, మామూలు మోతాదు. 'పనిచేయలేదు' అని వదిలేసే స్ప్రేల్లో చాలావాటి సమస్య మందులో ఉండదు, చేతిలో ఉంటుంది.

1. ఉప్పునీళ్లతో కడిగి, చీదించి, పది నిమిషాలు ఆగండి. చీమిడి మీద పడ్డ మందు లోపలి పొరకు చేరదు.

2. సీసా ఊపండి. కొత్త సీసా, వారంగా వాడనిది అయితే సన్నని తుంపర వచ్చేదాకా గాలిలోకి కొట్టండి.

3. పిల్ల తల వెనక్కి వంచకూడదు. గడ్డం కొద్దిగా కిందికి, కాలి వేళ్లు చూస్తున్నట్టు.

4. పిల్ల తనే కొట్టుకునేట్టయితే కుడి ముక్కుకు ఎడమ చేయి, ఎడమ ముక్కుకు కుడి చేయి. నాజిల్ కొన మధ్య గోడవైపు కాకుండా అదే పక్క చెవివైపు చూడాలి. చేతులు మార్చమన్నది అందుకే, అలా పట్టుకుంటే కొన తనంతట తానే బయటికి తిరుగుతుంది.

5. నొక్కుతూ, పువ్వు వాసన చూసినంత మెల్లగా పీల్చమనండి. గట్టిగా ఎగబీలిస్తే మందు గొంతులోకి పోతుంది. నాలుక మీద చేదు తగిలిందంటే జరిగింది అదే.

6. నాజిల్ తుడిచి మూత పెట్టండి. పావుగంట దాకా చీదొద్దు.

ముక్కులోంచి చుక్క రక్తం కనిపిస్తే సాధారణంగా నాజిల్ మధ్య గోడకు గురి పెట్టారన్నమాట. ఆ పక్కన రెండు రోజులు ఆపి, దిశ సరిచేసుకుని మళ్లీ మొదలుపెట్టండి. ఆగకుండా వస్తుంటే డాక్టరుకు చూపించండి.

కొంత మార్పు 12 గంటల్లో మొదలవ్వచ్చు, పూర్తి ప్రభావానికి వారం రెండు వారాలు పడుతుంది. బాధ ఉన్న రాత్రి కొట్టి, లేని రాత్రి మానేసే పద్ధతిలో ఇది సరిగా పనిచేయదు. పళ్లు తోముకునే వేళకు ముడిపెడితే మరిచిపోరు. స్టెరాయిడ్ అన్న మాట వినగానే భయపడటం సహజం. ఈ మందులు ఒంట్లోకి చేరేది చాలా తక్కువ. అయినా ఏడాది పొడవునా వాడే కొందరు పిల్లల్లో ఎదుగుదల స్వల్పంగా మందగించడం కనిపించింది కాబట్టి, పనిచేసే కనీస మోతాదులో ఉంచి, ఆర్నెల్లకోసారి ఎత్తు కొలిపించడం సరైన పద్ధతి.

నిమిషాల్లో ముక్కు తెరిచే ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ చుక్కలు వేరే జాతి. మూడు రోజులు దాటి వాడితే, ప్రభావం దిగగానే ముక్కు ముందుకంటే గట్టిగా మూసుకుంటుంది, మళ్లీ చుక్కలు కావాలంటుంది. నెలల తరబడి తలగడ కింద ఆ సీసా పెట్టుకునే టీనేజర్లు ఉంటారు. ఒకసారి వెతకండి.

మాత్రలు, సిరప్‌లు

యాంటీహిస్టమిన్లు, అంటే హిస్టమిన్‌ను అడ్డుకునే మందులు, తుమ్ములు, దురద, నీళ్లు కారడం తగ్గిస్తాయి. దిబ్బడ మీద వాటి పట్టు తక్కువ. లొరటడిన్, ఫెక్సోఫెనడిన్ మత్తు తక్కువ కలిగిస్తాయి, సెటిరిజిన్ కొందరికి మత్తుగా ఉంటుంది కనుక రాత్రి ఇస్తారు. ఫెక్సోఫెనడిన్ నీళ్లతోనే వేయండి, పండ్ల రసంతో వేస్తే ఒంటికి పట్టేది బాగా తగ్గుతుంది. క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్ లాంటి పాత మందులు మెదడులోకి వెళ్తాయి. కలలొచ్చే దశ నిద్రను తగ్గిస్తాయి, మర్నాటి దాకా తల మందంగా ఉంచుతాయి, కొందరు చిన్నపిల్లల్లో ఎదురు తిరిగి నిద్ర బదులు హుషారు పుట్టిస్తాయి. చాలా జలుబు సిరప్‌ల్లో ఉండేది ఇవే. 4 ఏళ్లలోపు వాళ్లకు ఆ సిరప్‌లు అసలు వద్దు. 2007లో బ్రిటన్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో, పరీక్షల వేళ ముక్కు అలర్జీ బాధలున్న విద్యార్థులకు గ్రేడు పడిపోయే అవకాశం దాదాపు 40 శాతం ఎక్కువని, మత్తు యాంటీహిస్టమిన్ వాడుతున్నవాళ్లకు అది 70 శాతం దాకా ఉందని తేలింది.

అలర్జీకి, ఆస్తమాకు ఇచ్చే మాంటెలుకాస్ట్ అనే మందు గురించి తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాలి. పీడకలలు, నిద్రలేమి, కోపం, దిగులు, ఆత్మహత్య ఆలోచనల ప్రమాదం ఉందని 2020 మార్చిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ అత్యంత తీవ్రమైన హెచ్చరిక జోడించింది. ముక్కు అలర్జీకి మాత్రమే అయితే ఇతర మందులు కుదరనప్పుడే వాడమంది. నిద్ర బాగుపడాలని వేసిన మందు మొదలైన రోజుల్లోనే పీడకలలు మొదలైతే ఆ తేదీ పుస్తకంలో రాసి, అదే రోజు డాక్టరుకు చెప్పండి.

టీనేజ్ పిల్లల సంగతి

ఈ వయసులో నిద్ర గడియారం సహజంగానే గంట రెండు గంటలు వెనక్కి జరుగుతుంది. పదకొండు దాటితే గానీ నిద్ర రాదు. స్కూలు మాత్రం ఆగదు. మిగిలిన ఏడు గంటల్లో చివరి భాగాన్ని తెల్లవారుజాము దిబ్బడ తినేస్తుంది. కలల నిద్ర ఎక్కువ ఉండేదీ ఆ భాగంలోనే. పగలు కునికిపాట్లు, వాటిని ఆపడానికి సాయంత్రం కాఫీ లేదా ఎనర్జీ డ్రింకు, దాంతో రాత్రి ఇంకా ఆలస్యం. కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుంది కాబట్టి మధ్యాహ్నం తర్వాత వద్దనడమే మేలు.

వీళ్లు ముక్కు గురించి ఫిర్యాదు చేయరు. ఏళ్ల తరబడి అలాగే ఉండి, ముక్కంటే ఇంతే అనుకుంటారు. తల బరువు, అలసట, చదివింది గుర్తుండట్లేదు అంటారు. 'నోరు మూసుకుని రెండు నిమిషాలు హాయిగా కూర్చోగలవా?' అని అడిగి చూడండి. స్ప్రే పని వాళ్లకే అప్పగించండి, కానీ మొదటి వారం చేతి తీరు పక్కనుండి చూడండి. అద్దంలో చూస్తూ తల వెనక్కి వంచి కొట్టడం వీళ్ల మామూలు తప్పు.

నాలుగు వారాల తర్వాత

మళ్లీ వారం రోజులు అదే పుస్తకం, అదే వీడియో. ముక్కు తెరుచుకుని, నోరు మూసుకుని నిద్రపోతుంటే డాక్టరు చెప్పినంత కాలం అలాగే కొనసాగించండి. బాధ తగ్గక, ఏది పడదో తేలకపోతే స్కిన్ ప్రిక్ పరీక్ష ఉంది. చేతి మీద చుక్కలు వేసి, పైపైన గుచ్చి 15, 20 నిమిషాల్లో చూస్తారు. యాంటీహిస్టమిన్ దాదాపు వారం ముందు ఆపాలి, లేకపోతే ఫలితం తప్పు వస్తుంది. ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే ఆపనక్కర్లేదు. కారణం స్పష్టంగా తేలినవాళ్లకు, పడని పదార్థాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే ఇమ్యునోథెరపీ ఒక దారి, కనీసం మూడేళ్ల ఓపిక కావాలి.

ముక్కు బాగుపడినా వారంలో మూడు రాత్రులకు మించి గురక ఉంటే ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ అనే కండ, గొంతులోని టాన్సిల్స్ చూడాలి. అలర్జీ, అడినాయిడ్స్ రెండూ ఒకే పిల్లలో ఉండటం తరచూ చూసేదే. అప్పుడు రాత్రంతా యంత్రాలతో చేసే నిద్ర పరీక్ష అడుగుతారు. పిల్లల్లో గంటకు ఒక్కసారి ఊపిరికి అడ్డు తగిలినా అది లెక్కలోకి వస్తుంది, పెద్దల కొలత వేరు. పడుకున్నాక పొడి దగ్గు, పిల్లికూతలు ఉంటే ఆస్తమా కూడా పరీక్షించాలి. ఒకే పక్క ముక్కులోంచి దుర్వాసనతో చీమిడి వస్తుంటే అలర్జీ కాదు, పూసో గింజో లోపల ఇరుక్కుని ఉండొచ్చు. ముక్కులో ఎప్పుడైనా బటన్ బ్యాటరీ దూర్చిందని అనుమానం వస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి పరిగెత్తాలి, కొన్ని గంటల్లోనే అది లోపలి గోడను కాల్చేస్తుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పుస్తకం, రెండు వీడియోలు, ఇంట్లో ఉన్న అన్ని మందుల పెట్టెలు తీసుకెళ్లండి, సగం వాడి వదిలేసినవి కూడా.